సమాపక క్రియ

నీలవేణి కనిపెట్టిన సూత్రం నిజానికి ఆరో తరగతి వ్యాకరణమే. తెలుగువాడి మనసులో ఏముందో తెలియాలంటే వాక్యం చివరిదాకా ఓపిక పట్టాలి. తిని, చూసి, వెళ్ళి, అడిగి... ఇవన్నీ దారిలో తగిలే పనులు. అసలు సంగతి ఆఖరి మాటలో ఉంటుంది. 'తినేసి పడుకుంటాను' అన్నవాడికి కావలసింది నిద్ర. 'కాస్త పడుకుని తింటాను' అన్నవాడికి కావలసింది అన్నం. బడిలో దాన్ని సమాపక క్రియ అంటారు. పరీక్షలో రెండు మార్కులకు అడుగుతారు, ఆ తర్వాత అందరూ మర్చిపోతారు. నీలవేణి మర్చిపోలేదు. ఆ రెండు మార్కుల సంగతి పట్టుకుని, విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక ప్రయోగశాలలో కూర్చుని, సాక్షి అనే యంత్రానికి తెలుగు నేర్పింది.

సాక్షి టిఫిను డబ్బా అంత ఉంటుంది. ఆసుపత్రిలో మంచం తలవైపు గోడకి బిగిస్తారు. రోగి మాట్లాడే ప్రతి మాటా వింటుంది. రోగి గుండె ఆగగానే ఒక దీపం వెలిగిస్తుంది. పచ్చదీపం వెలిగితే మనిషిని వెనక్కి తెస్తారు. తెల్లదీపం వెలిగితే వదిలేస్తారు.

ఆ వెనక్కి తెచ్చే వైద్యానికి ఆసుపత్రి కాగితాల్లో బారెడు పేరుంది గానీ, జనం మాత్రం మళ్ళింపు అన్నారు, చేలో పడ్డ గొడ్డుని మళ్ళించినట్టు. గుండె ఆగిన పావుగంటలోపు ఒంట్లో రక్తం తోడేసి బూడిదరంగు ద్రవం ఎక్కిస్తారు. ఊపిరి లేకపోయినా అది ఒంటిని నిలబెడుతుంది, గుండెని లోపలినుంచే ఆడిస్తుంది. నాలుగు రోజులయ్యాక ద్రవం తీసి రక్తం ఎక్కిస్తారు. పదిమందిలో తొమ్మిదిమంది లేచి కూర్చుంటారు. కాకపోతే ఆ ద్రవం నరాల్లో కొంత ఉండిపోతుంది. మళ్ళినవాళ్ళకి బతికున్నంతకాలం చలి. ఏం తిన్నా మట్టి రుచి. గొంతు సన్నబడిపోతుంది. కొన్నాళ్ళకి గుండె మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ మళ్ళిస్తారు, చలి ఇంకాస్త పెరుగుతుంది.

ఇది నాకొద్దు అని చెప్పే హక్కు చట్టం ప్రతి రోగికీ ఇచ్చింది. మొదట్లో సంతకం చాలన్నారు. తెలివిలేని ముసలివాళ్ళ వేళ్ళు పట్టుకుని కాగితం మీద అద్దే బంధువులు బయలుదేరేసరికి చట్టం మార్చారు. సంతకం చేసినా సరే, ప్రాణం ఉన్నంతసేపూ మనసు మార్చుకునే హక్కు రోగిదే. చివరి మాటే చెల్లుతుంది. అనుమానం వస్తే బతుకువైపే మొగ్గాలి. ఆ చట్టం రాసినవాళ్ళు చెడ్డవాళ్ళూ కాదు, తెలివితక్కువవాళ్ళూ కాదు. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి.

నీలవేణి దానికి రెండో సూత్రం కూడా చేర్చింది. పోయేవాళ్ళు గొణుగుతారు, సరిగా వినపడదు. అప్పుడు పక్కనున్న మనిషి ఏం జవాబిచ్చాడో వింటే అసలు మాటేమిటో తెలిసిపోతుంది. "మాటకి సగం అర్థం జవాబులో ఉంటుందండీ," అని ఆమె చెబితే ప్రయోగశాల పెద్ద జాన్ వెస్లీ కుర్చీలోంచి లేచి మరీ చేయి కలిపాడు.

ఆవిడకి గర్వంగానే ఉండేది. ఎందుకుండకూడదు? కాదనడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో అన్నీ దానికి నేర్పింది. వద్దు, అక్కర్లేదు, చాలు, ఇక నావల్ల కాదు, ఒల్లను. శ్రీకాకుళం యాస, నెల్లూరు యాస, ఆదిలాబాదు యాస విడివిడిగా నేర్పింది. కాదనడం, ఔననడం కాకుండా సెలవు తీసుకోవడం అనేది ఇంకొకటి ఉంటుందని మాత్రం తోచలేదు.

*

నీలవేణి ఉండేది విజయనగరంలో, అక్క పైడితల్లితో. ఆ వైపు అక్కని అప్ప అంటారు. అప్పకి యాభై ఆరేళ్ళు, చెల్లికి నలభై ఏడు. అప్ప నర్సు. పదకొండేళ్ళుగా మళ్ళింపు వార్డులోనే పని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నాకో గుంట ఉందండీ, దాన్ని సదివించాల," అని నీలవేణిని చూపించేది. ఆ గుంటకి నలభై దాటాక కూడా అదే జవాబు.

వాళ్ళమ్మ జూట్ మిల్లులో పనిచేసేది. ఓ పొద్దున పిల్లలిద్దరూ కొట్టుకుని గంజికుండ పగలగొట్టారు. అమ్మకి ఒళ్ళు మండింది. "పోతన్నాను, తలుపేసుకోండి," అని విసవిసా వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం మిల్లులో యంత్రం పట్టా తెగింది. అమ్మ మరి ఇంటికి రాలేదు. అప్పటికి అప్పకి పదిహేనేళ్ళు, నీలవేణికి ఆరు.

ఆ తర్వాత ఆ ఇంట్లో 'పోతాను' అన్నమాట వినపడలేదు. రెండో తరగతిలో ఒకసారి నీలవేణి బడికి వెళ్తూ పొరపాటున "పోతున్నానప్పా," అంది. వీధి మలుపు దాకా వెళ్ళిన పిల్లని అప్ప పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. నోటిమీద ఒక్కటిచ్చింది. రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చి, పీట మీద కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగించింది.

"పోతానంటావేటే? ఎల్లొస్తాననాల. ఏటనాల?"

"వెళ్ళొస్తానప్పా."

"ఎల్లి రా."

అప్పటినుంచి నలభై ఏళ్ళుగా రోజూ పొద్దున్న ఆ ఇంటి గుమ్మంలో అవే రెండు మాటలు. నీలవేణి విశాఖ బస్సెక్కడానికి వెళ్తూ అనేది. అప్ప డ్యూటీకి వెళ్తూ అనేది. ఇద్దరిలో ఎవరికీ అది మాటలా అనిపించేది కాదు. గుమ్మం దాటడంలో అదీ ఒక భాగం, అంతే.

అప్పకి గుండె కండరం పాడవుతోందని బయటపడ్డప్పుడు వాన పడుతోంది. డాక్టర్ హేమలతా పట్నాయక్ ఆవిడతో పదకొండేళ్ళు కలిసి పనిచేసిన మనిషి. కాగితాలు ముందుపెట్టి నాలుగు నెలలో ఆరు నెలలో అంది. మళ్ళింపు సంగతి ఎత్తేలోపే అప్ప కలం అడిగింది.

"నాకొద్దు మేడమ్. మళ్ళినోళ్ళకి దుప్పట్లు కప్పీ కప్పీ నా సేతులు అరిగిపోనాయి. ఒక్కరు ఇంత కూర బాగుందని అన్లేదు. ఒక్కరు నవ్వినట్టు నాకు గేపకం లేదు."

సంతకం పెట్టాక సాక్షి ముందు నోటితో కూడా చెప్పాలి. అప్ప ఆ పెట్టెని ఎగాదిగా చూసింది.

"ఒల్లనంటే దీనికి తెలుస్తాదేటే?"

"తెలుస్తుంది. నేనే నేర్పాను."

"అయితే ఇనుకో. నాను మళ్ళింపు ఒల్లను."

ఇంటికొచ్చాక చెల్లెలి చేతిని తన నెత్తిమీద పెట్టించుకుంది. "ఒట్టెయ్యి. నన్ను మళ్ళించనీవు కదా." నీలవేణి ఏడుస్తూనే ఒట్టేసింది. మనస్ఫూర్తిగానే వేసింది. ఆ రోజున ఆ మాటలో అబద్ధం లేదు.

*

మాఘమాసంలో ఒక ఆదివారం, పదకొండు గంటల వేళ. ఆసుపత్రి కిటికీలోంచి ఎండ మంచం మీదకి వస్తోంది. అప్పకి ఊపిరి అందడం లేదు గానీ తెలివి స్పష్టంగా ఉంది. పక్క మంచం ఖాళీ. నీలవేణి స్టూలు మీద కూర్చుని ఆమె వేళ్ళు నిమురుతోంది. స్టూలుకి ఎదురుగా గోడమీద ఎర్ర మీట ఉంది. పచ్చదీపం పొరపాటున వెలిగిందని అనిపిస్తే రోగి పేరుపెట్టి చెప్పిన బంధువు దాన్ని నొక్కచ్చు. ఏడు నిమిషాల గడువు. నొక్కితే డాక్టరే వచ్చి కాగితాలు చూసి తేలుస్తుంది.

అప్ప కళ్ళు తెరిచింది. చెల్లెల్ని చూసి, గుమ్మం వైపు చూసి, మళ్ళీ చెల్లెల్ని చూసింది.

"ఎల్లొస్తానే."

నీలవేణి నోరు తనంతట తానే తెరుచుకుంది. "వెళ్ళి రా అప్పా."

ఆ వేళ్ళలో పట్టు వదిలింది. గోడమీద పెట్టె మూడు క్షణాలు ఆలోచించుకుంది.

పచ్చదీపం వెలిగింది.

నీలవేణికి అర్థం కావడానికి అరనిమిషం కూడా పట్టలేదు. ఎవరికి తెలియకపోయినా ఆవిడకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఎల్లి అసమాపకం. వస్తాను సమాపకం. రోగి వస్తానంటోంది. పక్కనున్న మనిషి రమ్మంటోంది. ఆవిడ రాసిన రెండు సూత్రాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి. యంత్రం ఏ తప్పూ చెయ్యలేదు. చెప్పింది చెప్పినట్టు చేసింది.

మీట చేతికందేంత దూరంలో ఉంది.

మొదటి నిమిషంలో ఆవిడ దాన్ని చూసింది. రెండో నిమిషంలో అప్ప మొహం చూసింది. అందులో ఇంకా వెచ్చదనం ఉంది. నుదుటిమీద పొద్దున తను దిద్దిన బొట్టు చెరగలేదు. నాలుగో నిమిషంలో రేపు పొద్దున బస్సుకి వెళ్తూ గుమ్మంలో ఎవరితో చెప్పాలి అని ఒక ఆలోచన వచ్చింది. అంత చిన్న ఆలోచన. ఆరో నిమిషంలో చెయ్యి లేచింది. లేచి, బల్ల మీదున్న మంచినీళ్ళ సీసా మూత బిగించి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేసింది.

ఏడో నిమిషం అయ్యాక మళ్ళింపు వార్డువాళ్ళు బండి తోసుకుంటూ వచ్చారు.

*

ఐదో రోజున అప్ప లేచి కూర్చుంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకుంటున్నాయి. గొంతు పిల్లనగోవిలోంచి వచ్చినట్టు సన్నగా వచ్చింది.

"ఎవులు సెప్పారు?"

"యంత్రం పొరబడిందప్పా. నువ్వు ఎల్లొస్తానన్నావు. అది వస్తాననుకుంది."

అప్ప పైకప్పు వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది. ఆ కళ్ళలోంచి కారినవి కూడా చల్లగానే ఉన్నాయి. తుడవబోయిన నీలవేణి వేళ్ళకి తెలిసింది.

ఇంటికి తెచ్చుకుంది. ఎండలు ముదిరాయి. విజయనగరం మొత్తం ఫ్యాన్ల కింద చెమటలు కక్కుతుంటే అప్ప మిట్టమధ్యాహ్నం డాబా మీద, పక్కవాళ్ళు ఆరబెట్టిన వడియాల పక్కన, కంబళి కప్పుకుని కూర్చునేది. అక్కడా వణుకే. ఒకరోజు ఓపిక తెచ్చుకుని మెత్తళ్ళ చేపలు వేయించింది. ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఒక్కటి నోట్లో పెట్టుకుని నమిలి, లేచి వెళ్ళి నీళ్ళతొట్టి దగ్గర ఉమ్మేసి వచ్చింది. మిగతావి చెల్లెలి కంచంలో వేసి తినేదాకా పక్కనే కూర్చుంది.

"బాగున్నాయా?"

"బాగున్నాయప్పా."

"ఉప్పు?"

"సరిపోయింది."

"అయితే అలాగే గేపకం ఎట్టుకుంటాను," అంది అప్ప.

నీలవేణి లేచి, ఆ కంచం పెరట్లోకి తీసుకెళ్ళి తోమింది.

*

ప్రయోగశాలలో సాక్షి చిట్టాలు తెరవడానికి ఆవిడకి నాలుగు నెలలు పట్టింది. భయం వల్ల అని వేరే చెప్పక్కర్లేదు. తెరిచి వెతికితే, వద్దని సంతకం పెట్టి కూడా 'వెళ్ళొస్తాను' అన్నమాట మీద మళ్ళించబడ్డవాళ్ళు అరవై ఒక్కమంది తేలారు. వెళ్ళొస్తా, ఎల్లొస్త, పోయొస్త, పోయొచ్చెద... ఒక్కో జిల్లా ఒక్కో రకంగా అంది. అన్నీ విని అర్థం చేసుకుంది యంత్రం. అన్ని యాసలూ నేర్పిన పుణ్యం ఊరికే పోతుందా?

జాన్ వెస్లీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక్క మాట మార్చాలన్నా కమిటీకి వెళ్ళాలి నీలవేణిగారూ. మళ్ళీ పరీక్షలు, మళ్ళీ ఆమోదం. ఎనిమిది నెలలు."

"ఎనిమిది నెలల్లో ఎంతమందండీ?"

"ఎంతైనా ఆ అరవై ఒక్కమంది బతికున్నారు కదమ్మా." ఆయన దుర్మార్గుడు కాదు, నిజంగానే అలా అనిపించి అన్నాడు.

ఆవిడ తెర మీద చివరి గడి చూపించింది. మళ్ళింపుకి ముందు ఏడు నిమిషాల్లో ఏం జరిగిందో అందులో ఉంటుంది. అరవై ఒక్కమందిలో యాభై ఎనిమిదిమంది పక్కన సొంతమనిషి ఉన్నాడు. కొడుకో, భార్యో, తమ్ముడో. అందరూ తెలుగువాళ్ళే. 'వెళ్ళొస్తాను' అంటే ఏమిటో తెలియనివాడు ఆ యాభై ఎనిమిదిమందిలో ఒక్కడూ ఉండడు. అందరూ వెళ్ళి రా అన్నారు. గడి కింద అన్ని వరసల్లోనూ ఒకటే రాసుంది. బంధువు హాజరు. అభ్యంతరం లేదు.

యాభై ఎనిమిదో వరసలో ఉన్న పేరు ఆవిడదే.

జాన్ వెస్లీ ఆ పేరు చదివాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, కమిటీకి రాయాల్సిన ఉత్తరం తనే మొదలుపెట్టాడు.

*

ఆ సాయంత్రం నీలవేణి చెబుదామనే ఇంటికి వచ్చింది. చెప్పాల్సిన పని పడలేదు.

"కూకో," అంది అప్ప కంబళిలోంచి. "ఏడు నిమిషాలు. ఆ వార్డులో పదకొండేళ్ళు సేసినాను. మీట ఎక్కడుంటాదో నాకు తెల్దనుకున్నావా? స్టూలు మీద కూకున్నోళ్ళకి సెయ్యి సాపితే అందుతాది. నాలుగు నెలల్నుంచి సూస్తన్నాను, నివ్వే సెప్తావని."

"అప్పా..."

"పెట్టెకి బుద్ది లేదు, పోన్లే. నీకేటయింది?"

"నువ్వు లేకపోతే నాకెవరున్నారప్పా." అంతకంటే గొప్ప కారణం ఆవిడ దగ్గర లేదు.

అప్పకి కోపం వచ్చింది. గొంతు పెంచే వీల్లేక ఇంకా చిన్నగా మాట్లాడింది. ఒక్కో మాటకీ ఆగుతూ.

"నీకు జడలేసినాను. అన్నం ఎట్టినాను. నీ సదువు సూసినాను. నా వయసంతా నీకే ఇచ్చీసినాను, ఏనాడూ బాద పడ్లేదు. ఒక్క సావు నాదనుకున్నానే. అదీ నివ్వే తీసీసుకున్నావా?"

నీలవేణి నేలమీద కూలబడి ఆమె పాదాలు పట్టుకుంది. మంచుముక్కలు పట్టుకున్నట్టుంది. అప్ప కాళ్ళు లాక్కోలేదు, తల నిమరనూ లేదు. తర్వాత తొమ్మిది రోజులు మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, మాట మాత్రం లేదు. పొద్దున్న నీలవేణి గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానప్పా అంటే జవాబు లేదు. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ బస్సులో భయపడుతూనే వెళ్ళింది, భయపడుతూనే వచ్చింది.

పదో రోజున డాక్టర్ పట్నాయక్ ఇంటికే వచ్చింది. గుండె మళ్ళీ తడబడుతోంది. మళ్ళినవాళ్ళ ముంజేతికి ఒక పట్టీ వేస్తారు. సాక్షి అందులోనే ఉంటుంది, మాటలు వింటుంది. గుండె తప్పటడుగు వేస్తే ఎర్రగా వెలుగుతుంది, ఆ వెలుగు ఆరకపోతే మళ్ళింపు బండిని ఇంటికే పిలుస్తుంది. అప్ప పట్టీ వారంలో రెండుసార్లు ఎర్రగా మినుకుమంది.

"వద్దని మళ్ళీ సంతకం పెడుతున్నారు, సరే," అంది డాక్టర్. "ఈసారి ఏం మాట్లాడతారో చూసుకుని మాట్లాడండి. నీలవేణిగారూ, మీకు మీట ఉండదు. ఒకసారి మళ్ళింపుకి ఊరుకున్న బంధువు చాకిరీతో విసిగి రెండోసారి అడ్డం చెబుతాడని ఆ హక్కు తీసేశారు. ఇక మిగిలింది మాటే. ఆవిడ తేటగా చెప్పాలి, మీరు తేటగా జవాబివ్వాలి. మీరు ఊరుకున్నారంటే అది అనుమానం కింద లెక్క."

అనుమానం ఉంటే బతుకువైపు. నీలవేణికి కంఠతా వచ్చు.

"ఏటనాలి మేడమ్?" అంది అప్ప.

డాక్టర్ జవాబివ్వకుండా నీలవేణి వైపు చూసింది. తెలుగు ఆవిడ శాఖ కదా.

"పోతాను అనాలప్పా," అంది నీలవేణి. "వెనకాల వస్తాను అని ఉండకూడదు."

"మరి నివ్వు?"

డాక్టరు కాఫీ సగంలో వదిలేసి, కారు దగ్గర పని ఉందని బయటికి నడిచింది.

*

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అప్ప తనే మొదలుపెట్టింది. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టే ఎదురుగా కూర్చోబెట్టుకుంది. సాక్షికి ఈ మాటలు లెక్కలోకి రావు. గుండె నిలకడగా ఉన్నంతసేపూ దానికివి ఊసుపోక కబుర్లే.

"ఎల్లొ..." అని నాలుక్కరుచుకుంది. "సూడు, అలవాటు. పో... పోత..." అప్పకి ఆ మాట నోట పలకడంలేదు. నలభై ఏళ్ళ కిందట వీధి మలుపులో తను కొట్టిన దెబ్బ తన పెదవికే తగిలినట్టు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగోసారికి అనగలిగింది. "పోతాను. ఇప్పుడు నివ్వు అను."

"నావల్ల కాదప్పా."

"అనాల."

"అప్పని పట్టుకుని అలా ఎలా అంటాను? కుక్కనన్నట్టు."

"కుక్కనే అనుకో."

ఇద్దరికీ నవ్వొచ్చింది. మళ్ళినవాళ్ళు నవ్వరని చెప్పిన మనిషే నవ్వింది. ఆ నవ్వుకి దగ్గు వచ్చి, దగ్గుకి వణుకు వచ్చి, నీలవేణి ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది. కప్పుతుంటే అప్ప ఆవిడ మణికట్టు పట్టుకుంది.

"మొన్న నివ్వు సేసినది నాను ఇంకా మరవలేదు. మరవను కూడా. అయినా అడుగుతన్నాను. నాకు ఇంకెవులున్నారు అడగడానికి?"

ఎవరున్నారు నాకు అని తను అన్నమాటే అది. నీలవేణి తల ఊపింది. మాట మాత్రం ఆ రోజు పలకలేదు, ఆ తర్వాత రోజూ పలకలేదు. వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఒకసారి అని చూసుకుంది. తన గొంతంటే తనకే అసహ్యం వేసింది.

*

బుధవారం నాలుగు గంటలకి పట్టీ ఎర్రగా వెలిగి మరి ఆరలేదు. అప్ప ముందుగదిలో మంచం మీద, గుమ్మానికెదురుగా పడుకుని ఉంది. అక్కడే వెయ్యమంది. ఎండపొడ కాళ్ళ మీద పడుతోంది.

పది నిమిషాల్లో బండి వచ్చింది. ఇద్దరు మనుషులు బూడిదరంగు ద్రవం పెట్టె మోసుకుంటూ వచ్చి గుమ్మం బయట నిలబడ్డారు. దీపం రంగు తేలేదాకా లోపలికి అడుగుపెట్టకూడదు వాళ్ళు. ఒకాయన చెప్పులు కూడా విడిచాడు.

అప్ప వాళ్ళని చూసింది. ఆ పెట్టె ఆవిడకి తెలిసిన పెట్టే. పదకొండేళ్ళు తనే మూత తీసింది. చెల్లెలి వైపు తల తిప్పింది. గొంతు ఇక లేదు, గాలే ఉంది. ఆ గాలితోనే అంది.

"నీలా. తలుపేసుకోయే. నాను పోతన్నాను."

అచ్చం అమ్మ అన్నట్టే. విసుగు మాత్రం లేదు.

అని ఊరుకోలేదు. కళ్ళు మూసుకోకుండా చూస్తోంది. జవాబు కోసం.

నీలవేణికి చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరుకుంటే చాలు. పచ్చదీపం దానంతటదే వెలుగుతుంది. గుమ్మంలో మనుషులు సిద్ధంగా ఉన్నారు. ఐదో రోజుకి అప్ప లేచి కూర్చుంటుంది, ఇంకో దుప్పటి ఎక్కువ పడుతుంది, అంతేగా. పొద్దున్న బస్సుకి వెళ్తూ చెప్పుకోవడానికి గుమ్మంలో ఒక మనిషి ఉంటుంది. నీలవేణి గొంతులో 'వెళ్ళి' అన్న మాట లేచి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగింది.

అప్ప ఇంకా చూస్తోంది.

"పో," అంది నీలవేణి. వినపడిందో లేదో అని ఇంకొంచెం గట్టిగా, గుమ్మంలో వాళ్ళకి కూడా వినపడేలా, మళ్ళీ అంది. "పో అప్పా."

అప్ప పెదవి ఒక పక్కకి కదిలింది. చిన్నప్పుడు ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పినప్పుడు కదిలినట్టు. తర్వాత కళ్ళలో చూపు ఆగింది.

పట్టీ మూడు క్షణాలు ఎర్రగానే ఉంది. నాలుగో క్షణంలో తెల్లగా వెలిగింది. కాసేపు వెలిగి, ఇక పని లేదన్నట్టు ఆరిపోయింది.

గుమ్మంలో ఇద్దరూ పెట్టె ఎత్తుకున్నారు. ఒకాయన చెప్పులు తొడుక్కుని, వెనక్కి తిరిగి, అలవాటు కొద్దీ ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. చావింటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామని చెప్పకూడదు. ఆ సంగతి ఎవరూ నేర్పకుండానే ఆయనకి తెలుసు. ఇద్దరూ బండెక్కి వెళ్ళిపోయారు.

నీలవేణి లేచి తలుపు వేసింది.